అన్నవాహిక అంచున వచ్చే క్యాన్సర్

అన్నవాహిక దాదాపు 25 సెంటీమీటర్ల గొట్టం. గొంతు కింద మొదలై, వెన్నెముకకు ముందుగా ఛాతీలో దిగి, ఛాతీనీ పొట్టనీ వేరుచేసే విభాజక పటలాన్ని దాటి జీర్ణాశయంలో కలుస్తుంది. సరిగ్గా ఆ కలిసేచోట పుట్టే క్యాన్సర్ అరుదైనది. మన దేశంలో అన్నవాహిక క్యాన్సర్లు ఎక్కువగా లోపలి పొరలోని పొలుసు కణాల నుంచి పుడతాయి. పొగాకు, మద్యం వాటికి పెద్ద కారణాలు. ఈ అంచున వచ్చేది చాలావరకు గ్రంథి కణాల నుంచి పుట్టే అడినోకార్సినోమా. పాశ్చాత్య దేశాల్లో ఇది 1970ల నుంచి బాగా పెరిగింది.

ఎండోస్కోపీ గొట్టం లోపలికి వెళ్తే, ముందుపళ్ల నుంచి సుమారు 40 సెంటీమీటర్ల దగ్గర రంగు మారుతుంది. పైన లేత గులాబీ, కింద ఎరుపు, నడుమ వంకరటింకర గీత. జీర్ణాశయంలోని ఆమ్లం పైకి తన్నకుండా అక్కడి కండరం బిగువుగా ఉంటుంది. అది వదులైతే పులితేన్పులు, గుండెల్లో మంట. ఏళ్ల తరబడి ఆమ్లం తగిలితే గీతకు పైనున్న కణాలు పేగు కణాల్లా మారిపోవచ్చు. బ్రిటిష్ సర్జన్ నార్మన్ బారెట్ పేరుమీద దీన్ని బారెట్ అన్నవాహిక అంటారు. అలా మారినవాళ్లలో కూడా క్యాన్సర్ వచ్చేది కొద్దిమందికే. పొట్ట చుట్టూ కొవ్వు, పొగతాగడం ముప్పును పెంచుతాయి. జీర్ణాశయం వైపు పుట్టేవాటిలో హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియాకూ పాత్ర ఉంది.

రోగం బయటపడేది మింగుడు దగ్గర. శ్రీకాళహస్తి చుట్టుపక్కల పల్లెల్లో రాగిసంగటి తినే పద్ధతి తెలిసిందే: ముద్ద చేసి, పులుసులో అద్ది, నమలకుండా మింగడం. దారి ఇరుకైతే మొదట అడ్డం పడేది అలాంటి ముద్దే. మనిషి డాక్టరు దగ్గరికి పోడు. నీళ్లు తాగి దించుకుంటాడు, తర్వాత మెత్తటి అన్నానికి, ఆపైన జావకు మారతాడు. గ్యాస్ మాత్రతో మంట తగ్గుతుంది కాబట్టి అనుమానమూ రాదు. ఈ సర్దుబాటే అసలు ప్రమాదం. అన్నవాహికకు, పేగులకున్నట్టు, బయటి పొర ఉండదు. గడ్డ తొందరగా పక్కనున్న కణజాలంలోకి, లింఫ్ గ్రంథుల్లోకి పాకుతుంది. బరువు తగ్గడం, రక్తహీనత, నల్లటి విరేచనం కూడా హెచ్చరికలే.

ఎండోస్కోపీలో చిన్న ముక్క తీసి పరీక్షిస్తే రోగం నిర్ధారణ అవుతుంది. ఎంత పాకిందో సీటీ, పెట్ స్కాన్లు చెబుతాయి. గడ్డ ఉన్నచోటును బట్టి జర్మన్ సర్జన్ జీవర్ట్ మూడు రకాలుగా విభజించాడు: అంచుకు 1 నుంచి 5 సెంటీమీటర్ల పైన, సరిగ్గా అంచున, 2 నుంచి 5 సెంటీమీటర్ల కింద. ఛాతీ తెరిచి అన్నవాహిక తీయాలా, జీర్ణాశయం మొత్తం తీయాలా అన్నది చాలావరకు దీన్నిబట్టే తేలుతుంది.

పై పొర దాటని గడ్డను ఎండోస్కోపీతోనే తీసేయవచ్చు. కొంత లోతుకు పోయినదానికి కత్తి ఒక్కటే చాలదు. ఫ్లాట్ అనే నాలుగు మందుల కీమోను రెండు వారాలకొకటి చొప్పున ఆపరేషన్‌కు ముందు నాలుగుసార్లు, తర్వాత నాలుగుసార్లు ఇస్తారు. 2024లో వెల్లడైన జర్మనీ అధ్యయనం ఎసోపెక్‌లో 438 మంది పాల్గొన్నారు. ఫ్లాట్ తీసుకున్నవాళ్లలో సగం మంది 66 నెలలకు మించి బతికారు. ఆపరేషన్‌కు ముందు కీమో, రేడియేషన్ కలిపి తీసుకున్నవాళ్లలో అది 37 నెలలే. గడ్డలో హెర్2 ప్రొటీన్ ఎక్కువగా ఉండి, రోగం ముదిరితే ట్రాస్టుజుమాబ్ జోడిస్తారు. దారి పూర్తిగా మూసుకుపోయినవారికి లోహపు స్టెంట్ వేస్తే ద్రవాహారమైనా దిగుతుంది.

జీర్ణాశయం తీసేసినవారు కొంచెం కొంచెంగా, రోజుకు ఐదారుసార్లు తినాలి. బీ12 ఇంజక్షన్లు జీవితాంతం అవసరం.

శ్రీకాళహస్తివాసులకు దగ్గరి పెద్దాసుపత్రులు తిరుపతిలో ఉన్నాయి: 1993 నాటి స్విమ్స్, టీటీడీ స్థలంలో టాటా ట్రస్టులు కట్టగా 2022లో మొదలైన స్వికార్ క్యాన్సర్ ఆసుపత్రి. చిత్తూరు వైపువాళ్లకు వెల్లూరు సీఎంసీ. మింగుడు రెండు వారాలకు మించి ఇబ్బంది పెడితే మెత్తటి తిండికి మారి సర్దుకోకుండా, ముందుగా ఎండోస్కోపీ చేయించుకోవాలి.