మార్కుకు బర్నబా ఉన్నాడు, మన యౌవనస్థులకు ఎవరున్నారు?

యూత్ మీటింగ్ అనగానే మనకు గిటారు, మంచి ప్రసంగీకుడు, సెలవుల్లో రిట్రీట్ గుర్తొస్తాయి. అవన్నీ కావలసినవే. అయితే మీటింగ్ లేని మిగతా ఆరు రోజులూ ఆ పిల్లల గురించి ఆలోచించే పెద్దలు మన సంఘంలో ఎంతమంది? కొద్దిమంది యౌవనస్థులకు తోడుగా నడిచే అలాంటి పెద్దనే మెంటార్ అంటున్నాం. ఈ పరిచర్యకు జీతం లేదు, వేదిక కూడా లేదు.

సాలూరు వంటి చోట ఈ అవసరం మరీ ఎక్కువ. చుట్టూ ఉన్న కొండ గ్రామాల నుంచి జాతాపు, కొండదొర, గదబ కుటుంబాల పిల్లలు చాలామంది చిన్న వయసులోనే ఆశ్రమ పాఠశాలలకు, హాస్టళ్లకు వస్తారు. టెన్త్ అయ్యాక కొందరు ఇంటర్‌లో చేరతారు, కొందరు విజయనగరమో విశాఖపట్నమో వెళ్తారు, కొందరు కూలి పనికో లారీ మీద క్లీనరుగానో వెళ్లిపోతారు. ఊళ్లో సండే స్కూల్‌కు క్రమంగా వచ్చిన బిడ్డ పేరు పట్టణ సంఘంలో ఎవరికీ తెలియదు. పిల్లలు సంఘానికి దూరమయ్యేది ఎక్కువగా ఈ మలుపులోనే.

అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయంలో మార్కు అనబడిన యోహాను ప్రయాణం మధ్యలోనే వెనక్కి వెళ్లిపోయాడు. 15వ అధ్యాయంలో పౌలు అతణ్ణి మళ్లీ వెంటబెట్టుకోవడానికి ఒప్పుకోలేదు. బర్నబా మాత్రం అతణ్ణి తీసుకొని కుప్రకు వెళ్లాడు. అక్కడ ఏం జరిగిందో లేఖనం చెప్పదు. కానీ 2 తిమోతి 4వ అధ్యాయానికి వచ్చేసరికి, ఆ మార్కునే తన దగ్గరకు తీసుకురమ్మని పౌలు అడుగుతున్నాడు. ఒకసారి తప్పిపోయిన యువకుణ్ణి వదలకుండా పట్టుకున్న పెద్ద ఒకడు ఉండబట్టే ఇది జరిగింది.

సాలూరు సంఘ చరిత్ర కూడా వచ్చి నిలిచినవాళ్ల చరిత్రే. 1880ల్లో ఉత్తర జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి లూథరన్ మిషనరీలు ఈ ప్రాంతానికి వచ్చారు. ఇక్కడి ఫిలడెల్ఫియా ఆసుపత్రి తరాలుగా కుష్ఠు రోగులకు సేవ చేస్తూ వచ్చింది. ఆ పేరుకు సహోదర ప్రేమ అని అర్థం.

మెంటార్ చేయవలసింది ఏమిటి?

నలుగురైదుగురి కంటే ఎక్కువమందిని తీసుకోవద్దు. వారానికి ఒక గంట ఇవ్వండి. జూన్‌లో మొదలుపెడితే ఆ విద్యా సంవత్సరం ముగిసేదాకా ఉండండి. రెండు నెలలు వచ్చి మానేస్తే, పెద్దల మాట నమ్మకూడదని పిల్లలకు మనమే నేర్పినట్టవుతుంది.

ముందు వినండి. వాళ్ల యాసను చూసి నవ్వవద్దు. చెప్పింది వినకముందే వాక్యం చెప్పవద్దు. ప్రార్థనతో పాటు చేతి సాయం కూడా కావాలి: స్కాలర్‌షిప్ దరఖాస్తు, కుల ధ్రువీకరణ పత్రం, ఫెయిలైతే సప్లిమెంటరీ ఫీజు గడువు. ఇవి తెలిసిన టీచరమ్మ, నర్సు, మెకానిక్, ఎవరైనా మెంటార్ కావచ్చు. అనర్గళంగా ప్రసంగించడం రాకపోయినా ఫర్వాలేదు. ఏలీ సమూయేలును తన వైపు తిప్పుకోలేదు, పిలిచేది దేవుడని చెప్పి పంపాడు. మన పనీ అంతే.

హద్దులు తప్పనిసరి

పిల్లలతో ఒంటరిగా, తలుపులు మూసి కూర్చోకూడదు. మరో పెద్ద కనుచూపు మేరలో ఉండాలి. ఆడపిల్లల గుంపుకు స్త్రీ మెంటార్ ఉండాలి. రాత్రి వేళ రహస్య మెసేజ్‌లు వద్దు. డబ్బు అప్పు ఇవ్వడం, తీసుకోవడం రెండూ వద్దు. ఎవరికీ చెప్పనని ముందే మాట ఇవ్వవద్దు. 18 ఏళ్ల లోపు బిడ్డపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం ప్రతి ఒక్కరికీ బాధ్యత పెట్టింది. సంఘం పరువు పోతుందని పెద్దలు కూర్చొని సర్దుబాటు చేసే వ్యవహారం కాదిది. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. కొత్తగా ముందుకొచ్చేవారిని పాస్టర్ గారు, సంఘ పెద్దలు విచారించాకే బాధ్యత అప్పగించాలి. నిజంగా భారం ఉన్నవారు ఈ విచారణకు నొచ్చుకోరు.

వచ్చే కమిటీ మీటింగ్‌లో మీ సంఘంలోని యౌవనస్థుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. చదువుకని ఊరు విడిచి వెళ్లినవారినీ, ఈమధ్య రావడం మానేసినవారినీ మరిచిపోవద్దు. ఒక్కో పేరు పక్కన, ఆ బిడ్డను బాగా ఎరిగిన ఒక పెద్ద పేరు రాయండి. ఖాళీగా మిగిలిన చోట్ల ఎవరి పేరు రాయాలో ప్రార్థన చేసి నిర్ణయించండి. అందులో ఒకటి మీ పేరే కావచ్చు.