జబ్బు ఖర్చు ఎవరి నెత్తిన?

పాలమూరు నుంచి, నల్గొండ నుంచి వచ్చిన బస్సులు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో ఆగుతాయి. దిగినవాళ్ళలో కూలి వెతుక్కునేవాళ్ళు కొందరైతే, రోగిని వెంటబెట్టుకొని అఫ్జల్‌గంజ్ వైపు నడిచేవాళ్ళు మరికొందరు. వాళ్ళు పోయేది ఉస్మానియా దవాఖానాకే. 1908 మూసీ వరద పాతబస్తీని ముంచిపోయిన తర్వాత, నిజాం కాలంలో 1925 నాటికి లేచిన కట్టడమది. 2020 జులైలో వార్డుల్లోకి వాననీళ్ళు రావడంతో పాత భవనాన్ని ఖాళీ చేయించారు. కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు.

ప్రజావైద్యం మాటెత్తితే చాలు, డబ్బెక్కడిదని పాలకులు ఎదురు ప్రశ్న వేస్తారు. ఆ డబ్బు ఎవరి దగ్గర్నుంచి వస్తోంది, ఎటు పోతోంది, ఎవరికి అందుతోంది అని లెక్క తేల్చేదే ఆరోగ్య ఆర్థికశాస్త్రం. అది పండితుల గొడవ, మనకెందుకులే అనుకుంటే పొరపాటు.

బ్రిటన్‌లో జరిగింది చూడండి. అక్కడ 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. నాలుగేళ్ళు తిరక్కుండానే ఖర్చు హద్దు దాటుతోందని గోల లేచింది. 1953లో ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. లండన్ ఆర్థికశాస్త్ర విద్యాలయానికి చెందిన బ్రయాన్ ఏబెల్ స్మిత్, రిచర్డ్ టిట్మస్ అనే పండితులు ఆ కమిటీ కోసం లెక్కలు విప్పి చూశారు. జాతీయాదాయంలో ఆ సేవకయ్యే వాటా పెరగలేదు సరికదా, 3.75 శాతం నుంచి 3.25 శాతానికి తగ్గిందని 1956లో రుజువు చేశారు. కోత పెట్టాలన్న వాదన కాస్తా కూలిపోయింది. లెక్క తెలిసిన మేధావి జనం పక్షాన నిలబడితే ఫలితం అట్లా ఉంటుంది.

మన హైదరాబాదుకూ అలాంటి సంబంధం ఒకటుంది. ఉస్మానియా వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ కె. శ్రీనాథ్‌రెడ్డి ఢిల్లీ ఎయిమ్స్‌లో గుండె వైద్య విభాగానికి అధిపతిగా పనిచేశారు. ఆయన ఆర్థికవేత్త కాదు, వైద్యుడు. అయినా అందరికీ వైద్యం ఎట్లా అందించాలో చెప్పమని ప్రణాళికా సంఘం 2010లో వేసిన నిపుణుల బృందానికి ఆయనే అధ్యక్షుడు. 2011లో ఆ బృందం ఏం చెప్పింది? ప్రభుత్వం ఆరోగ్యానికి పెట్టే ఖర్చును జాతీయోత్పత్తిలో 2017 నాటికి 2.5 శాతానికి, 2022 నాటికి 3 శాతానికి పెంచాలని చెప్పింది. రోగుల దగ్గర రుసుము వసూలు చేయరాదంది. మొత్తం ఖర్చులో 70 శాతానికి తక్కువ కాకుండా ప్రాథమిక వైద్యానికే పోవాలంది. ప్రభుత్వం తరఫున వైద్యం కొనే పెత్తనం బీమా కంపెనీలకు ఇవ్వొద్దని తేల్చి చెప్పింది.

మరి జరిగిందేమిటి? 2021-22లో కేంద్రం, రాష్ట్రాలు కలిపి పెట్టింది 1.84 శాతమే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్ళ చికిత్సకు డబ్బు కడతాయి. పెద్ద ఆపరేషన్ వస్తే పేదవాడికి అది ఆసరాయే, కాదనం. కానీ నెలనెలా కొనే షుగరు గోళీల సంగతి? జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచమెక్కితే? 2018 నుంచి పెట్టిన బస్తీ దవాఖానాల వంటివి ఎంత పెరిగితే ఆ భారం అంత తగ్గుతుంది.

మొత్తం వైద్య ఖర్చులో జనం జేబు నుంచి పోయేది 2013-14లో నూటికి 64 రూపాయలు. 2021-22లో 39 రూపాయలని ప్రభుత్వ లెక్క. తగ్గిందనే అనుకుందాం. కానీ కూలివాడు మంచాన పడితే పోయిన కూలి ఆ లెక్కలోకి రాదు. రోగి పక్కన కూర్చున్న ఆలు కూలి కూడా రాదు. ఆసామి దగ్గర తెచ్చిన అప్పు మీద వడ్డీ అసలే రాదు.

అందుకే మిత్రులారా, ఆ లెక్క మనమే తీయాలి. ఏ ఇంట్లో ఎవరికి జబ్బు చేసింది, బయట కొన్న మందులెంత, బస్సు చార్జీలెంత, పోయిన పనిదినాలెన్ని, తెచ్చిన అప్పెంత అని ప్రతి ఊళ్ళో, ప్రతి బస్తీలో కార్యకర్తలు రాసిపెట్టాలి. పేర్లు బయటపెట్టనక్కర్లేదు, అంకెలు చాలు. నిపుణుల నివేదికను బీరువాలో పెట్టి తాళం వేయొచ్చు. ఊరంతా కూడి చదివే లెక్కకు తాళం వేయడం ఎవరితరం?