ఒకే గొంతున పలు పాత్రలు: చుక్క సత్తయ్య ఒగ్గుకథ

నటుడు వేరు, గాయకుడు వేరు అను భావము మనలో వేళ్ళూనుకొని ఇంకను నూరేండ్లు నిండలేదు. 1932లో మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వెలువడిననాడు తెరమీద కనబడువారే పాడవలసియుండెను. పద్యనాటకపు రంగస్థలముమీద హార్మోనియము శ్రుతికి గొంతు కలుపలేనివానికి శ్రీకృష్ణుని వేషముగాని హరిశ్చంద్రుని వేషముగాని దక్కెడిది కాదు. నేపథ్యగానము వచ్చినపిదప పనులు పంపకములైనవి. నేటి మహబూబాబాదు జిల్లాలోని చిన్నగూడూరున జన్మించిన దాశరథి కృష్ణమాచార్యులు 1961లో 'ఇద్దరు మిత్రులు' చిత్రమునకు పాట రచింపగా, సాలూరి రాజేశ్వరరావు దానికి స్వరము కూర్చెను, ఘంటసాల పాడెను, అక్కినేని నాగేశ్వరరావు అభినయించెను. ఆ నలుగురి ప్రతిభయు కలిసి తెలుగువారికి చిరకాలము నిలుచు పాటల నిచ్చినది. దానికి మనము కృతజ్ఞులమే. అయినను, ఆ నాలుగు పనులను ఒక్కడే, ఒకే రాత్రి, ఊరంతయు కూర్చుండి చూచుచుండగా, తప్పిన చోటును మరల దిద్దుకొను అవకాశమైన లేక నిర్వహించెడి కళాకారులు అదే కాలమున, అదే గడ్డమీద ఉండిరి. వారిని గూర్చి మనము వ్రాసికొన్నది మిక్కిలి తక్కువ.

వారిలో అగ్రగణ్యుడు చుక్క సత్తయ్య. జనగామ జిల్లా లింగాలఘనపురము మండలములోని మాణిక్యాపురము ఆయన స్వగ్రామము. 1935లో జన్మించి, 2017 నవంబరులో దివంగతుడైన ఆ మహాకథకుడు తన జీవితమును ఒగ్గుకథకే ధారపోసెను. కేంద్ర సంగీత నాటక అకాడెమీ పురస్కారము ఆయనను వరించినది. ఆయన కళ సంగీతమా, నాటకమా యని యెవరైన అడిగినచో, ఈ రెంటిని విడదీయు గీత ఆ కథలో ఎచ్చటను కానరాదని చెప్పుటకంటె వేరు సమాధానము లేదు.

ఒగ్గు అనగా శివుని చేతి డమరుకము. ఆ వాద్యమును మ్రోయించుచు, కురుమ, గొల్ల కులములకు చెందిన కథకులు తమ యిలవేలుపులైన మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల చరితములను గానము చేయుదురు గనుక ఆ కథకు ఆ పేరు వచ్చినది. కథ చెప్పువాడు కేవలము వినోదము కల్పించువాడు కాడు. అతడు ఆ వేలుపునకు పూజారి. నేలమీద పసుపు, బియ్యపుపిండి, కుంకుమ, ఆకుపచ్చని పొడి మొదలగువానితో పట్నము వేయువాడును, దేవుని కల్యాణము జరిపించువాడును, ఆ కల్యాణమునకు ముందువెనుకల కథను రాత్రి పొడవునను పాడి ఆడి చూపువాడును అతడే. కొమురవెల్లి మల్లన్న క్షేత్రము నేడు సిద్దిపేట జిల్లాలో చేరినది గాని, జనగామ పల్లెలవారికి అది పొరుగూరి జాతర వంటిదే; సంక్రాంతి మొదలు ఉగాది వరకు అచ్చట ఆదివారములు సాగెడి జాతర ఒగ్గు పూజారులకు పంటకాలము. ఇట్లు పూజ, సంగీతము, నటన అను మూడును ఒకే వృత్తిలో పెనవేసికొనియుండుటచేత, సత్తయ్య వంటివాడు చిన్ననాటనే డోలు దరువును, తాళము లెక్కను, కథాక్రమమును వేరువేరు విద్యలుగా గాక ఒకే అలవాటుగా గ్రహించును.

కథ నడచు తీరును కొంత నెమ్మదిగా చూడవలెను. ఏలయన ఈ కళ యొక్క రహస్యమంతయు అందే యున్నది. బృందమున ప్రధాన కథకుడొకడు, అతనికి వంతపాడి మాటకు మాట అందించు సహకథకుడొకడు, డోలు వాయించువారు, తాళము వేయువారు ఉందురు. కాళ్ళకు గజ్జెలు, నొసట పసుపుబండారి; అంతకుమించిన ఆడంబరము అవసరము లేదు. తెర లేదు, ప్రవేశ నిష్క్రమణలు లేవు. దేవతాస్తుతి ముగియగానే కథకుడు కథను వచనముగా ఎత్తుకొనును. ఆ వచనము మనము మాటలాడుకొను వచనము కాదు. వాక్యము చివర స్వరము సాగుచు, సాగినచోట డోలు ఒక దెబ్బ నందుకొనుచు, వినువానికి తెలియకుండగనే మాట పాటయొక్క అంచునకు చేరును. అచ్చట కథకుడు పాట నెత్తును. చరణము ముగిసినంతనే వంతవారు దానిని మరల పాడుదురు. ఈ వంత కేవలము అలంకారమని తలచుట పొరపాటు. వంత సాగునంత సేపటిలో కథకుడు ఊపిరి పీల్చుకొనును. తలగుడ్డ సవరించుకొనును, లేక నడుముననున్న వస్త్రమును పైట చేసికొనును. వంత ముగియు క్షణమునకు మల్లన్న యున్నచోట ఆయన దేవేరి మేడలమ్మ నిలిచియుండును. మరి రెండు చరణములకు ఆమె స్థానమున ఆయన రెండవ దేవేరి గొల్ల కేతమ్మ. ముగ్గురి గొంతులును ఒకనివే. అయినను చివరి వరుసలో కూర్చున్న ముసలమ్మకు ఎవరు మాటలాడుచున్నారో సందేహము కలుగదు.

ఈ మార్పు ముఖకవళికలచేత వచ్చునది కాదు. రాత్రివేళ, దూరమునుండి చూచు ప్రేక్షకునకు కథకుని కనుబొమ్మల కదలిక కనబడదు. దానిని సాధించునది సంగీతమే. దేవుడు పలుకునప్పుడు శ్రుతి నిలకడగా నుండును, మాట నెమ్మదించును. కోపించిన స్త్రీ పలుకునప్పుడు మాటలు తాళముకంటె ముందు పరుగెత్తును. యుద్ధము వచ్చినపుడు డోలు రెట్టింపు కాలమున పడును, గజ్జె దానికి బదులు చెప్పును. పాత్రకు దుస్తులు తొడుగుట నాటకమున సామాన్యము. ఒగ్గుకథలో పాత్రకు లయను తొడుగుదురు. కావున ఒగ్గు కథకుని 'పాడ నేర్చిన నటుడు' అనుట సగము సత్యమే. అతడు గానముచేతనే నటించువాడు, నటనచేతనే గానమునకు అర్థము కల్పించువాడు. గోదావరికి ఆవల ఛత్తీస్‌గఢ్‌లో పాండవుల కథను పాడి ఆడు పండవాని గాయని తీజన్ బాయి చేతిలోని తంబురా భీముని గదగా మారుట చూచి దేశవిదేశములవారు ఆశ్చర్యపడిరి. 2019లో భారత ప్రభుత్వము ఆమెను పద్మవిభూషణముతో గౌరవించెను. ఆ విద్యకు అతి సమీప బంధువైన విద్య మన పల్లెల నడుమనే యున్నది.

ఇది యీ నేలకు క్రొత్త కాదు. జనగామ జిల్లాలోని పాలకుర్తి, ద్విపదను జనుల నాలుకలకు అందించిన పాల్కురికి సోమనాథుని ఊరు. ఆయన 'పండితారాధ్య చరిత్ర'లో శివరాత్రినాడు శ్రీశైలమున చేరిన భక్తుల పాటలను, ఆటలను, వాద్యములను, నాటకములను వర్ణించిన భాగము మన ప్రదర్శనకళల చరిత్రకు పెన్నిధి. కాకతీయ గణపతిదేవుని సేనానియగు జాయపుడు 13వ శతాబ్దమున 'నృత్తరత్నావళి' రచించుచు, ఎనిమిది అధ్యాయములలో సగము మార్గనృత్తమునకును, సగము దేశినృత్తమునకును కేటాయించెను. అనగా ఊరి ఆటకు శాస్త్రముతో సమాసనము వేసెను. భూపాలపల్లి జిల్లా గణపురములోని కోటగుళ్ళు ఆ గణపతిదేవుని కాలపువే. శిథిలములైన ఆ గుళ్ళ నడుమ నిలుచున్న యాత్రికునకు కాకతీయుల శిల్పవైభవము జ్ఞప్తికి వచ్చుట సహజమే. ఆ జిల్లాకు కొలది దూరముననే యున్న జనగామలో ఆనాటి దేశికళకు వారసులు సజీవులై యుండుట కూడ జ్ఞప్తికి రావలెనని నా కోరిక.

సత్తయ్య ఒక్కడే ఇట్టివాడైనచో దానిని వ్యక్తిప్రతిభ యని సరిపెట్టుకొనవచ్చును. కాని అదే జనగామ జిల్లా, దేవరుప్పుల మండలము అప్పిరెడ్డిపల్లెలో గడ్డం సమ్మయ్య యున్నారు. ఆయన చిందు యక్షగాన కళాకారులు; ఐదు దశాబ్దములకు పైగా 19,000కు మించిన ప్రదర్శన లిచ్చి, 2024లో పద్మశ్రీ పురస్కారమునకు పాత్రులైరి. చిందువారి ఆటలో ఒగ్గుకథకు భిన్నముగా తెర యున్నది, పాత్రకొక వేషధారి యున్నాడు. తేలికయైన కొయ్యతో చేసిన కిరీటములు, భుజకీర్తులు, ముఖమున రంగులు ఉన్నవి. అయినను నియమమొకటే: పాత్ర తన దరువును తానే పాడుచు తెర వెడలవలెను, తాను పాడిన దరువునకు తానే అడుగు వేయవలెను. తమ కులపురాణమైన జాంబపురాణమును ప్రదర్శించుట వారికి పరంపరాగతమైన విధి. స్త్రీలు వేషము కట్టుట నిషిద్ధమైన సంప్రదాయములు మన దేశమున పెక్కులుండగా, చిందు కుటుంబములలో స్త్రీలును గజ్జెకట్టి పాడి ఆడిరి. నిజామాబాదు ప్రాంతపు చిందు ఎల్లమ్మ అందుకు ప్రసిద్ధోదాహరణము. సమాజము అంటరానివారని దూరముంచిన వారిలో ఇంతటి సంగీత నాటక విద్య తరతరములు నిలుచుట గర్వకారణమును, ఆ దూరము మనకు సిగ్గును.

చలనచిత్రములలో కూడ ఈ ఏకత్వము ఒక్కసారిగా అంతరింపలేదు. చిత్తూరు నాగయ్య 1938లో 'గృహలక్ష్మి'తో తెరకెక్కి, మరుసటియేటి 'వందేమాతరము'నకు తానే సంగీతము కూర్చెను; 1946లో 'త్యాగయ్య'కు తానే దర్శకత్వము వహించి, తానే త్యాగరాజై, ఆ కృతులను తానే గానము చేసెను. ఆయన కీర్తికి మూలమైన చిత్రములలో ఒకటి 1943లో విడుదలైన వాహినీవారి 'పోతన'. ఆ పోతన్న జన్మగ్రామముగా చెప్పబడు బమ్మెర పాలకుర్తి ప్రక్కనే యున్నది! మద్రాసులో నాగయ్య భాగవతకవియై తెరమీద పాడుచున్న యేట, ఆ కవి గ్రామమునకు కొలదిదూరములోని మాణిక్యాపురమున ఎనిమిదేండ్ల సత్తయ్య పెరుగుచుండెను. ఇరువురి విద్యకును మూలసూత్రమొకటే. నాగయ్య గొంతు గ్రామఫోను పళ్ళెములమీదను, ఫిలిముమీదను నిలిచినది; సత్తయ్య యౌవనపు గొంతు విన్నవారి జ్ఞాపకములలో తప్ప నిలువలేదు.

సత్తయ్య ఒగ్గుకథను కులదేవతల గుడిముంగిటినుండి బహిరంగ వేదికకు కొనితెచ్చిన వారిలో ముఖ్యుడు. ఈ ప్రయాణమునకు రెండు ముఖములున్నవి. ఒకప్పుడు కథకుని భుక్తి ధాన్యరూపమున, మేకపిల్ల రూపమున, కొత్తబట్టల రూపమున ఊరినుండి వచ్చెడిది. ఊరు కథను పూర్తిగా వినెడిది. వేదికకు వచ్చినపిదప గౌరవము పెరిగినది, రాజధానులు చూచినాడు, కాని కాలము కుదించుకొనిపోయినది. రాత్రి పొడవునను సాగవలసిన మల్లన్న చరితము అరగంటకు, పిమ్మట పది నిమిషములకు తగ్గినది. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన తరువాత ప్రభుత్వోత్సవములలో, బోనాల ఊరేగింపులలో ఒగ్గుడోలు మ్రోగని సందర్భము అరుదు. యువకులు డోళ్ళతో చేయు విన్యాసములు, ఒకరి భుజములపై నొకరు నిలిచి కట్టు గోపురములు కన్నుల పండువే. వారి శ్రమను నేను తక్కువ చేయను. ఆ డోలే నేడు అనేక కురుమ యువకులకు అన్నము పెట్టుచున్నది. కాని ఊరేగింపులో డోలుకు కథ లేదు. మేడలమ్మ కోపమునకు ముందు పరుగెత్తవలసిన దరువు, ఆమె లేకయే పరుగెత్తుచున్నది. వాద్యము మిగిలి నటుడు మాయమగుట, నటుడు మిగిలి గానము పరాయిదగుటకంటె మేలైనది కాదు.

కావలసినది అసాధ్యము కాదు. వరంగల్లున జానపద గిరిజన విజ్ఞానపీఠము ఉన్నది. చిత్రీకరణ పరికరములు నేడు పల్లెపల్లెకును చేరినవి. పది నిమిషముల తునకలు గాక, పట్నము వేయుట మొదలు తెల్లవారుజాము మంగళహారతి వరకు ఒక్కొక్క కథను ఒక్కొక్క బృందమునుండి సంపూర్ణముగ గ్రహింపవలెను. ప్రధాన కథకుని పేరుతోబాటు వంతవాని పేరును, డోలువాని పేరును, వారు ఎవరియొద్ద నేర్చిరో ఆ పేరును వ్రాయవలెను. పాటలోని మాటలను మాత్రమే గాక, ఏ మాటవద్ద దరువు మారినదో గుర్తింపవలెను. కొమురవెల్లి జాతర మరల సంక్రాంతికి ఆరంభమగును. సత్తయ్య తరముననే విద్య నేర్చి, నేడు వృద్ధులైన వంతవారు కొందరు అప్పటికిని అచ్చట పాడుచునే యుందురు.