చెప్పుల లైను నేర్పే క్యూ ఇంటర్‌ఫేస్

2025 వానాకాలంలో యూరియా కోసం మన రైతులు సొసైటీల ముందు చెప్పులు వరుసగా పెట్టారు. క్యూ అంటే నాకు అదే గుర్తొస్తది: చివర చేరాలి, ముందు నుంచి పోవాలి, నడుమ దూరొద్దు. అందుకే క్యూ క్లాసుకు ఎన్‌క్యూ, డీక్యూ, పీక్, సైజ్ చాలు. లోపలి అర్రేని బయటపెట్టామా, ఎవరో ఒకరు మధ్యలో దూరుస్తారు.

గోదాంలో బస్తాలూ ఒక క్యూనే. అది ఖాళీ అయితే? జావాలో రిమూవ్ ఎక్సెప్షన్ విసురుతుంది, పోల్ నల్ ఇస్తుంది. పైథాన్ క్యూలో గెట్ మామూలుగా సరుకొచ్చేదాకా ఆగుతుంది. మూడూ అవసరమే, కానీ పేరు చూస్తే తేడా తెలవదు. నేనైతే 'ట్రై డీక్యూ', 'వెయిట్ డీక్యూ' అని విడిగా పెడతా. స్టాక్ లేదని చెప్పని కౌంటర్ ముందు రైతు పొద్దంతా నిలబడ్డట్టు, మన కోడ్ వాడేవాళ్లు నిలబడొద్దు.