అంతర్దేశీయ జలమార్గాల ఎలక్ట్రానిక్ పటాలు

ప్రస్తావన

శ్రీకాకుళం పాత వంతెన మీద నుంచి నాగావళిని మీరు చూసే ఉంటారు. వేసవిలో ఇసుకమేటల మధ్య సన్నని పాయ. వరద వస్తే గట్టు నుంచి గట్టుకు నీరు. అక్కడ నది లోతు ఎంత? ‘ఏ రోజున?’ అని తిరిగి అడగకుండా జవాబు చెప్పలేం. పటంలో మాత్రం ఒకే అంకె వేయాలి. ఆ అంకెను నమ్మి బోటు నడిపేవారు మోసపోకుండా దాన్ని ఎలా నిర్ణయిస్తారో ఈ భాగంలో తెలుసుకుందాం.

ఆధారతలం

పటంలోని లోతును సర్వే రోజు నీటిమట్టం నుంచి కాక, ముందే నిర్ణయించిన తక్కువ నీటిమట్టం నుంచి లెక్కిస్తారు. దీన్ని ఆధారతలం అంటారు. నది వాలును బట్టి ఇది కూడా దిగువకు వాలుతుంది. అందుకే ఒక గేజి కొలత దాని పరిసరాలకే వర్తిస్తుంది.

ఉదాహరణకు (అంకెలు అభ్యాసం కోసమే), సర్వే రోజున ఎకో సౌండర్ 5.0 మీటర్లు చూపింది. గేజి ప్రకారం నీరు ఆధారతలానికి 3.2 మీటర్ల పైన ఉంది. పటంలో వేయవలసిన లోతు 5.0 – 3.2 = 1.8 మీటర్లు. మరో రోజు గేజి 0.9 చూపితే, ఆనాటి లోతు 1.8 + 0.9 = 2.7 మీటర్లు. సర్వేయరు 5.0 అనే వేసి ఉంటే, బోటు ఇసుకలో కూరుకుపోయేది.

వంతెన విషయంలో లెక్క తారుమారవుతుంది. దాని కింది ఎత్తును అధిక నీటిమట్టం నుంచి కొలుస్తారు. రెండు సందర్భాలలోనూ సూత్రం ఒకటే: పటం క్షేమం వైపే మొగ్గాలి.

ప్రమాణం ఎందుకు?

ఎలక్ట్రానిక్ పటం కాగితం పటానికి తీసిన ఫోటో కాదు. వంతెన, బోయా, లోతు ప్రాంతం, నీటి సుడి వంటి ప్రతిదీ అందులో ఒక ‘వస్తువు’. దానికి స్థానం, లక్షణాలు ఉంటాయి. బోటు మునిగే లోతును నమోదు చేస్తే, లోతు చాలని ప్రాంతాన్ని తెర వేరే రంగులో చూపగలదు. ఏ సంస్థ పటమైనా ఏ పరికరంలోనైనా ఒకే అర్థం ఇవ్వాలంటే వస్తువుల పేర్లు, సంకేతాలు అందరికీ ఒకటే కావాలి. సముద్ర పటాలకు అంతర్జాతీయ హైడ్రోగ్రాఫిక్ సంస్థ ఎస్-57 ప్రమాణాన్ని రూపొందించింది. నదులకు అవసరమైన గేజి వంటి వస్తువులను చేర్చి, దేశాల మధ్య ఏకరూపత తేవడానికి 2003లో ఒక అంతర్జాతీయ బృందం ఏర్పడింది.

తయారీ దశలు

1. గేజీలు నెలకొల్పి ఆధారతలాన్ని నిర్ణయించడం.
2. ఎకో సౌండర్, ఉపగ్రహ స్థాననిర్ణయ పరికరాలతో సర్వే.
3. కొలతలను ఆధారతలానికి సవరించడం.
4. వస్తువులుగా సంకేతీకరించి, దోషాలను తనిఖీ చేయడం.
5. పటాన్ని విడుదల చేసి, మార్పులను ఎప్పటికప్పుడు పంపడం.

చివరి దశను చిన్నదిగా భావించకండి. కళింగపట్నం దగ్గర వంశధార మొగలో ఇసుకదిబ్బలు స్థిరంగా ఉండవు. అటువంటి చోట పాత పటం కొత్త ప్రమాదం. అక్కడ మరో చిక్కు కూడా ఉంది: నది పటం, సముద్ర పటం కలిసే చోట రెండు ఆధారతలాలను పొందికగా కలపాలి.

మన దేశంలో

సముద్ర పటాలను డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం తయారు చేస్తుంది. జాతీయ జలమార్గాల బాధ్యత 1986లో ఏర్పడిన భారత అంతర్దేశీయ జలమార్గాల ప్రాధికార సంస్థది. గోదావరి, కృష్ణా నదుల భాగాలు, తీర కాలువలు కలిసిన 4వ జాతీయ జలమార్గాన్ని 2008లో ప్రకటించారు. గోదావరిలో భద్రాచలం–రాజమహేంద్రవరం భాగం ఇందులోదే. ఆ దారిలోనే కచ్చులూరు వద్ద 2019 సెప్టెంబరు 15న, వరద సమయంలో, పర్యాటక బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. పటం ఒక్కటే ప్రమాదాలను ఆపుతుందని అనలేం. వరదలో బోటు కదలరాదనే నిర్ణయం మనుషులదే. అయితే సుడులు, మలుపుల జ్ఞానం అనుభవం గల సరంగు మనసులోనే ఉండిపోకుండా, కొత్తవారికీ అందేలా చేయడం పటం పని.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పటంలో లోతు 1.2 మీటర్లు. బోటు నీటిలో 1.4 మీటర్లు మునుగుతుంది. అడుగున మరో 0.3 మీటర్ల నీరు ఉండాలి. గేజి ఈ రోజు 0.7, రేపు 0.4 చూపితే, ఏ రోజు బోటు వెళ్లవచ్చు?

జవాబు: కావలసిన లోతు 1.7 మీటర్లు. ఈ రోజు 1.9 ఉంది, వెళ్లవచ్చు. రేపు 1.6 మాత్రమే, వెళ్లరాదు.