వయోజనులకు యాత్రావిశేషములు చెప్పు విధము

దేశాటనమువలన జ్ఞానము గలుగునని పెద్దలు చెప్పుదురు. ఆ జ్ఞానము యాత్రచేసినవానియొద్దనే నిలిచిపోయినయెడల ఇతరులకు ప్రయోజనము స్వల్పము. బాల్యమున బడికిపోవు అవకాశము లేక, ముదిమియందు పలక చేతబట్టిన మన తాతలకును అవ్వలకును మనము చూచివచ్చిన సంగతులను తెలియజెప్పుట మిక్కిలి ఉపయోగకరము. అది యెట్లు చేయవలెనో యించుక వివరించెదను.

మొదట, వయోజనుడు బాలుడు కాడని గుర్తెరుగవలెను. అతనికి అక్షరములు క్రొత్తవేగాని లోకము క్రొత్తది కాదు. కాశీపట్టణపు గోపురములను వర్ణించిన బాలుడు సంతసించును. సేద్యగాడో, "అచ్చట నేల నల్లనిదా? కూలి యెంత? బావినీరు తీయనిదా?" యని యడుగును. కావున యాత్రకు పోవువారు ఇట్టి సంగతులను విచారించి వ్రాసికొని రావలెను.

ఈ విషయమున మనకు మార్గదర్శకులు ఏనుగుల వీరాస్వామయ్యగారు. వారు 1830వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, 1831లో తిరిగివచ్చిరి. త్రోవలోని విశేషములను తమ మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి తెలియజేయుచుండిరి. అవియే 'కాశీయాత్ర చరిత్ర' యను పేర 1838లో అచ్చుపడెను. అందు క్షేత్రముల వర్ణనమేగాక మజిలీలు, దారుల స్థితి, బసలు, ఆయా ప్రాంతముల జనుల నడవడి మున్నగునవియు గలవు. ఇంటనున్నవారికి ఏమి తెలియవలెనో ఎరిగి వ్రాసిన గ్రంథమది.

రెండవది, తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెను. గంగానది పొడవు 2525 కిలోమీటర్లని ఊరక చెప్పిన అది చెవికెక్కదు. మన గోదావరి త్ర్యంబకమునొద్ద పుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రములో కలియుచున్నదనియు, గంగ అంతకంటె వేయి కిలోమీటర్లకు పైగా పొడవైనదనియు చెప్పి, పటమునందు రెండు నదులను వ్రేలితో చూపవలెను.

మూడవది, యాత్రనుండియే చదువు నేర్పవలెను. రైలుస్టేషనులోని పేరుపలక చక్కని పాఠము. పసుపుపచ్చని పలకమీద నల్లని యక్షరములతో ఊరిపేరు మన ప్రాంతమున తెలుగు, హిందీ, ఇంగ్లీషులలో నుండును. సముద్రమట్టమునుండి ఆ స్టేషనెంత యెత్తున నున్నదో క్రింద వ్రాసియుందురు. టిక్కెట్టుమీద 5 అంకెల రైలు సంఖ్యయు, పెట్టె సంఖ్యయు, కూర్చుండు చోటి సంఖ్యయు నుండును. ఇవి చదువనేరని ముసలమ్మ ప్రతి స్టేషనులోను "ఇదేయూరు నాయనా?" యని ఇతరులను వేడుకొనవలెను. ఆ నాయన నిద్రించిన, ఆమె దిగవలసిన ఊరు దాటిపోవును. చదువనేర్చిన నాడు ఆమె ఎవరిని లేపనక్కరలేదు.

కడపటిది మిక్కిలి ముఖ్యమైనది. మనము చెప్పి ముగించిన పిమ్మట వారిని చెప్పనీయవలెను. ఇటుకబట్టీలకో, చెరకు కోతలకో వలసపోయి వచ్చినవారు మనకంటె ఎక్కువ దేశము చూచియుందురు. వారి వాక్యములను వారి పలుకుబడిలోనే నల్లబల్లపై వ్రాసి, వారిచేతనే చదివింపవలెను. భావము ముందే తెలిసియుండుటచేత అక్షరములు సులభముగా పట్టుబడును. తమ బ్రతుకును పాఠముగా చూచుకొన్నవారికి బడికి వచ్చుటకు సిగ్గును తగ్గును.

విద్యార్థులారా! సెలవులలో మీరు చూచివచ్చిన ఊరినిగూర్చి మీ యింటి పెద్దలకు చెప్పుడు. వారు పోయివచ్చిన ఊళ్ళను అడిగి, వారి మాటలను పెద్ద యక్షరములతో వ్రాసి యిండు. పలక పట్టినవారు చదివెదరు. పట్టనివారు పట్టుటకు అదియే ఆరంభము కావచ్చును.