వెబ్‌సైటు బ్యాకప్, భద్రత

వెబ్‌సైటు బ్యాకప్ అనగా ఒక వెబ్‌సైటులోని పుటలు, బొమ్మలు, డేటాబేసు, అమరికలు మొదలైనవాటికి నకలు తీసి, అసలు సర్వరుకు దూరంగా వేరొక చోట భద్రపరచడం. అసలు ప్రతికి నష్టం వాటిల్లినపుడు ఈ నకలు నుండి సైటును పునరుద్ధరించవచ్చును. సైటులోకి అనధికారులు చొరబడకుండా, దాని పేరుతో ఇతరులు మోసాలకు పాల్పడకుండా తీసుకునే జాగ్రత్తలను వెబ్‌సైటు భద్రత అంటారు. ఈ రెండింటి బాధ్యత ప్రధానంగా సైటు యజమానిదే. హోస్టింగు సంస్థ స్థలాన్ని అద్దెకిస్తుంది గాని, అందులోని సమాచారం పోతే తిరిగి ఇవ్వగలదన్న హామీ అన్ని సందర్భాలలోను ఉండదు.

రాగిరేకుల ఉదాహరణ

విలువైన రచనలకు మన్నికైన ప్రతి తీసి దాచడం తిరుపతి ప్రాంతానికి కొత్త కాదు. తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408-1503) తిరుమల వేంకటేశ్వరునిపైన, తిరుచానూరులో కొలువైన అలమేలుమంగపైన 32,000 సంకీర్తనలు రచించాడని ప్రతీతి. వాటిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో ఉంచారు. శతాబ్దాల తరువాత, 20వ శతాబ్దపు తొలి దశకాలలో, ఈ రేకులు వెలుగులోకి వచ్చాయి. నేడు లభిస్తున్న సంకీర్తనలు సుమారు 12,000 నుండి 14,000 మాత్రమే. అవి మిగలడానికి ముఖ్య కారణం ఈ రాగిరేకులే.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా

నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన కంప్యూటరు శాస్త్రవేత్త రాజ్ రెడ్డి (1994 ట్యూరింగ్ పురస్కార గ్రహీత) పది లక్షల పుస్తకాల డిజిటలీకరణ పథకానికి సారథ్యం వహించాడు. దాని భారతీయ విభాగమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. స్కానింగు జరిగిన కేంద్రాలలో తిరుమల తిరుపతి దేవస్థానం (తి.తి.దే.) ఒకటి. వేలాది తెలుగు పుస్తకాలు ఈ విధంగా పాఠకులకు అందుబాటులోకి వచ్చాయి. తరువాతి కాలంలో ఆ సైటు పనిచేయడం మానివేయడంతో, దానిలోని పుస్తకాలకు ఇతర చోట్ల ఇచ్చిన లంకెలు చెల్లకుండా పోయాయి. అయితే పబ్లిక్ రిసోర్స్ సంస్థ నాలుగు లక్షలకు పైగా పుస్తకాల ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంచినందున, వాటిలోని తెలుగు పుస్తకాలను నేటికీ చదువుకోగలుగుతున్నారు.

నష్టానికి కారణాలు

* ప్రమాదాలు: 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఓవీహెచ్ సంస్థ డేటా కేంద్రం అగ్నికి ఆహుతైంది. లక్షలాది వెబ్‌సైట్లు నిలిచిపోయాయి. అసలు ప్రతి ఉన్నచోటనే నకలు కూడా ఉన్న వినియోగదారులు రెంటినీ కోల్పోయారు.
* మానవ తప్పిదాలు: 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున ప్రధాన డేటాబేసును తొలగించాడు. సంస్థ ఏర్పరచుకున్న బ్యాకప్ పద్ధతులలో పలు పద్ధతులు పనిచేయడం లేదని అప్పుడే బయటపడింది. సుమారు ఆరు గంటల సమాచారం శాశ్వతంగా పోయింది.
* చొరబాట్లు: పాతబడిన సాఫ్ట్‌వేరులోని లోపాలు, తేలికైన సంకేతపదాలు చొరబాటుదారులకు ద్వారాలవుతాయి.
* గడువు మీరడం: డొమైను పేరును సకాలంలో పునరుద్ధరించకపోతే అది ఇతరుల చేతికి పోవచ్చు.

బ్యాకప్ నియమాలు

సమాచారానికి మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల మాధ్యమాలలో ఉండాలి, వాటిలో ఒకటి వేరే చోట ఉండాలి. దీనిని 3-2-1 నియమం అంటారు. కేవలం తాజా నకలు ఒక్కటే ఉంచుకోవడం చాలదు. సైటులో హానికర ప్రోగ్రాము చేరిన సంగతి ఆలస్యంగా తెలిస్తే, తాజా నకలులో కూడా అది చేరి ఉంటుంది. కావున కొన్ని వారాల పాత ప్రతులను కూడా దాచుకోవాలి. ఒక నకలును నెట్‌వర్కుకు కలపకుండా విడిగా ఉంచడం మంచిది. అప్పుడప్పుడు నకలు నుండి సైటును తిరిగి నిలిపి చూడాలి. అలా పరీక్షించని నకలును నమ్మరాదు.

నకిలీ సైట్లు

తిరుమల దర్శనం, వసతి, తిరుచానూరు వంటి స్థానిక ఆలయాల సేవల కోసం భక్తులు అంతర్జాలాన్ని ఆశ్రయిస్తారు. దీనిని ఆసరాగా తీసుకుని కొందరు తి.తి.దే. సైటును పోలిన సైట్లను సృష్టించి భక్తుల వద్ద డబ్బు కాజేశారు. 2023 ఏప్రిల్‌లో గుర్తించినది 41వ నకిలీ సైటని దేవస్థానం ప్రకటించింది. ఇటువంటి మోసాలు సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66డి సెక్షను కిందకు వస్తాయి. బాధితులు 1930 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చును.

సైటు యజమానులు తమ అసలు చిరునామాను విస్తృతంగా ప్రచారం చేయడం, హెచ్‌టీటీపీఎస్ వాడడం, నిర్వాహక ఖాతాలకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవడం, సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు నవీకరించడం ముఖ్యమైన రక్షణ చర్యలు. ఒక పాఠశాల సైటయినా, ఒక గ్రామ చరిత్రను తెలిపే సైటయినా, రెండవ ప్రతి లేనప్పుడు పోయిన సమాచారాన్ని తిరిగి కూర్చడం చాలా సందర్భాలలో అసాధ్యం.